జామీను లేక

పార్లమెంటు భవనం వెనక, సైకిళ్ల షెడ్డుకి ఎదురుగా ఉన్న గదిలో కూర్చుని ఆవిడ ఇరవై ఏడేళ్లుగా ఇతరుల తప్పులు దిద్దుతోంది. బిల్లు గానీ, నివేదిక గానీ, ప్రశ్నోత్తరాల పుస్తకం గానీ ఆవిడ ఆకుపచ్చ సిరా తగలకుండా అచ్చుకి పోదు. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి సున్నమ్మ అంటారు. ఎదురుగా అనరు. అంటే కోప్పడుతుందని కాదు, ఉచ్చారణ దిద్దుతుందని భయం. ఆ పేరుకి కారణం ఒకే ఒక్క సున్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో "సంఘంలోని పదిమంది సభ్యులు" అన్న చోట టైపు చేసేవాడి చెయ్యి జారి "పందిమంది సభ్యులు" అని పడింది. అప్పటికే తిరుగుతున్న మిషను ఆపించి మరీ ఆవిడ ఆ సున్న పీకించింది. అది సభలోకి వెళ్లి ఉంటే ఎంతమంది ఉద్యోగాలు ఊడేవో గాని, పేరు మాత్రం ఆవిడకి అంటుకుపోయింది.

సభ సమావేశాలు ముగిసిన ప్రతిసారీ ఆ ప్రూఫు విభాగం ఒక తప్పొప్పుల పట్టిక వేస్తుంది. ఎవరు దిద్దిన పేజీలో తప్పు దొర్లితే వాళ్ల పొడి అక్షరాలు ఆ పంక్తి చివర పడతాయి. ఇరవై ఏడేళ్లలో ఆవిడ పొడి అక్షరాలు ఒక్కసారి కూడా పడలేదు. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ చెప్పుకోదు. అందరికీ తెలిసేలా మాత్రం చూసుకుంటుంది.

ఆ సోమవారం పొద్దున ఆవిడ ప్రశ్నోత్తరాల ప్రూఫు ముందేసుకుని, పంక్తి కింద చెక్క స్కేలు పెట్టి జరుపుకుంటూ పోతుంటే, క్యాంటీను నుంచి టీ తెచ్చే అమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటి, ఇద్దరు పిల్లల తల్లి అయినా అందరికీ ఫ్లాస్కు అమ్మాయే. కప్పు నింపి, బల్ల మీద కాగితాలకి ఆమడ దూరంలో పెట్టింది. ఆ దూరం ఎంతో ఆవిడే నేర్పింది. మామూలుగా అయితే వెంటనే వెళ్లిపోతుంది, ఇవాళ నిలబడింది.

"అమ్మా, ఒక మాట అడగనా?"

"ఒకటి అడిగేశావు. రెండోది అడుగు."

"ఆ జామీను బిల్లు మీరే దిద్దారట కదా. అందులో మా ఆయన ఉన్నాడేమో చూస్తారా?"

"బిల్లులో మనుషులుండరమ్మా, క్లాజులుంటాయి."

"ఆ క్లాజుల్లోనే. ఎక్కడైనా ఒక మూల..."

ఆవిడ స్కేలు పక్కన పెట్టింది. జైల్లో ఉన్న మొగుడి గురించి ఈ పిల్ల ఎప్పుడూ ఎత్తలేదు. నోట్లో నాలుక లేని మనిషి ఇవాళ నోరు తెరిచిందంటే ఎన్నాళ్లు కూడగట్టుకుందో.

"ఏం కేసు?"

"రంగులేస్తాడమ్మా. ఒకరింట్లో రంగులేసి వచ్చాక ఇత్తడి కుళాయిలు పోయాయని ఈయన్ని పట్టుకెళ్లారు. నాలుగు కుళాయిలు. పద్నాలుగు నెలలైంది. ఇంకా విచారణే మొదలుకాలేదు."

"బెయిలు ఇవ్వలేదా?"

"బెయిలు వచ్చిందమ్మా. జామీనే రాలేదు." ఫ్లాస్కు అమ్మాయి జాకెట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మడతల దగ్గర చిరుగులకి టేపు అంటించి ఉంది. "సొంత ఇల్లున్నవాళ్లు ఇద్దరొచ్చి పూచీ పడాలట. మా వీధిలో సొంతిల్లున్నది పిచ్చుకలకే."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట. ఆవిడ కాగితం చదివి, జాగ్రత్తగా అవే మడతల్లో మడిచి ఇచ్చేసింది. అల్మారాలోంచి బిల్లు ప్రతి తీసింది. బెయిలు, శిక్షల సవరణ బిల్లు. పార్లమెంటు సంఘం ఆరు నెలలు కూర్చుని మార్చిన బిల్లు. మొన్న శుక్రవారం అచ్చయి సభ్యులకి పంచారు, గురువారం సభ ముందుకి వస్తుంది. ఆవిడ తొమ్మిదో క్లాజు తీసి, రేడియోలో వార్తల్లాగా తేటగా చదివింది.

"నేరానికి విధించదగిన గరిష్ఠ శిక్షలో సగకాలాన్ని విచారణ ఖైదీగానే గడిపిన వ్యక్తిని జామీను లేదా సొంత పూచీపై విడుదల చేయవలెను." తలెత్తింది. "మీ ఆయన కేసులో ఎక్కువలో ఎక్కువ ఎంత పడుతుంది?"

"రెండేళ్లన్నాడు వకీలు."

"సగం అంటే పన్నెండు నెలలు. ఎప్పుడో దాటిపోయాయి. ఈ బిల్లు చట్టమైతే వదిలేస్తారు, పో."

ఫ్లాస్కు అమ్మాయి పోలేదు. "జామీను లేదా అంటే ఏంటమ్మా?"

"ఇంకొకరి జామీను గానీ, తన సొంత పూచీ గానీ. రెంటిలో ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే, ఏదన్నది ఎవరిష్టం?"

"కోర్టు ఇష్టం."

ఆ అమ్మాయి ఫ్లాస్కు మూత బిగించింది. బిగిసిన మూతనే ఇంకోసారి బిగించింది. "ఇప్పుడు కూడా వాళ్లిష్టమే కదమ్మా. జామీను లేక కాదూ ఆయన లోపలున్నది. జామీను లేక పద్నాలుగు నెలలు." అని, కప్పు చల్లారిపోతోందని గుర్తు చేసి, వెళ్లిపోయింది.

ఆవిడ మళ్లీ స్కేలు చేతిలోకి తీసుకుంది గాని, జరపలేదు. జామీను లేక. ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఈ మధ్యే ఎక్కడో చూసింది. చెవి గుర్తుపట్టింది, కన్నుకి ఇంకా అందలేదు. ఒక్క నిమిషం తర్వాత అందింది.

లేచి అల్మారా కింది అరలోంచి దారంతో కట్టిన కట్ట తీసింది. సంఘం ఆమోదించి, అధ్యక్షుడు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టిన మూలప్రతి అది. తొమ్మిదో క్లాజు. "జామీను లేక సొంత పూచీపై విడుదల చేయవలెను." 'లేక'లోని 'క' మీద అడ్డంగా ఆకుపచ్చ గీత. మార్జిన్లో ముచ్చటగా, గుండ్రంగా, 'దా'. పక్కన తన పొడి అక్షరాలు.

గోడ మీద సెక్షన్ ఆఫీసరు జారీ చేసిన సర్క్యులర్ అంటించి ఉంది: "ప్రజలకు సులభముగా అర్థమగుటకై, ఇకపై బిల్లులలో 'లేక' అను మాటకు బదులుగా 'లేదా' వాడవలెను." ఆ బిల్లులో పదకొండు 'లేక'లున్నాయి. శుక్రవారం పొద్దున్నే పదకొండింటినీ పట్టి, పదకొండింటినీ మార్చి, పుణ్యం చేసుకున్నట్టు టీ తాగింది. పది చోట్ల సరైన పనే. "పగలు లేక రాత్రి" అంటే రెంటిలో ఒకటి, నిజమే. కానీ "తిండి లేక" అంటే? "దిక్కు లేక" అంటే? ఒకే మాటలో రెండర్థాలు కాపురం చేస్తుంటే, ఆవిడ సర్క్యులర్ పట్టుకుని ఒకదాన్ని ఇంట్లోంచి గెంటేసింది.

పక్కనున్న ఖాళీ కుర్చీకేసి చూసింది. రెండేళ్ల కిందటిదాకా అందులో ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఆయన పని మూలప్రతిని పైకి చదవడం, ఆవిడ పని ప్రూఫు మీద వేలు పెట్టి వినడం. ఆయన కామాలు కూడా పలికేవాడు. "విడుదల చేయవలెను, చుక్క," అనేవాడు, ముక్కుపొడుం పీల్చినంత తృప్తిగా. ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు ఎత్తేశారు, కళ్లుండగా చెవులెందుకని. ఆయన ఉంటే "జామీను లేక" అని ఒక్క క్షణం ఆగేవాడు. ఆ ఆగడంలో ఆవిడకి తెలిసిపోయేది.

సంఘం నివేదిక తిరగేసింది. పదహారో పేజీలో ఉండనే ఉంది: "జామీనుదారులను తెచ్చుకొను స్తోమత లేని పేదల విడుదల కొరకై ఈ క్లాజు చేర్చబడినది." ఇక అనుమానం పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. ఆ మధ్యాహ్నమంతా తేలు కుట్టిన దొంగలా కూర్చుని, మూడింటికి లేచి సెక్షన్ ఆఫీసరు గదికి వెళ్లింది.

ఆయన చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. మూలప్రతి, నివేదిక, అచ్చుప్రతి మూడూ ఆయన ముందు పరిచి చూపించింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశాడు.

"రెండర్థాలూ వస్తాయంటున్నారుగా. మరి మనదే తప్పని ఎలా అంటారు?"

"పదహారో పేజీ చూడండి."

"చూశాను. శుక్రవారమే కాపీలు వెళ్లాయి. మూడొందల మంది సభ్యులు చదివారు. ఒక్కరూ ఏమీ అనలేదు."

"వాళ్లు చదవలేదండీ. మనం పంచాం, అంతే."

ఆయనకి నవ్వొచ్చింది గాని మింగేశాడు. "అక్షరదోషమైతే రేపే దాని మీద దిద్దిన పట్టీ అంటించి పడేద్దును. ఇది అర్థం మారే వ్యవహారం. సభ్యులెవరైనా సవరణ ఇవ్వాలి, రేపు సాయంత్రం అయిదింటికి గడువు. ఇస్తే మంత్రిగారు మొట్టమొదట అడిగేది, సంఘం మాట మధ్యలో ఎలా మారిందీ అని. అప్పుడు మీ ఆకుపచ్చ సిరా సభ మధ్యలోకి రావాలి. వచ్చే నెల హెడ్ పోస్టుకి మీ పేరొక్కటే పంపాను. ఇప్పుడెందుకండీ ఇది?" కళ్లజోడు దించుకున్నాడు. "ఇంకో మాట. సిబ్బంది నేరుగా సభ్యుల గదులకి వెళ్లకూడదు. నేను చెప్పలేదనకండి."

ఆవిడ మూడు ప్రతులూ సర్దుకుని వచ్చేసింది.

సాయంత్రం ఇంట్లో భర్త బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాక ఇంటి ఇస్త్రీ అంతా ఆయనే తీసుకున్నాడు. టికెట్ల కట్టలా అంచులు కలిపి మడత పెడతాడు. వంటింట్లో ఆవిడ గిన్నెలు తీసి పెడుతుంటే ఆయన అవీ ఇవీ చెబుతున్నాడు. కాసేపటికి ఇస్త్రీపెట్టె నిలబెట్టి వచ్చాడు.

"అరగంట నుంచి మాట్లాడుతున్నాను. నా మాటల్లో ఒక్క తప్పూ పట్టలేదు. ఒంట్లో బాలేదా?"

ఆవిడ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చేసింది. ఏడుపు తన తప్పుకో, ఆ పిల్ల ఫ్లాస్కు మూత రెండోసారి బిగించినందుకో ఆవిడకే తెలీలేదు. ఆయన గిన్నె మీద మూత పెట్టి, స్టవ్వు ఆర్పి, ఎదురుగా కూర్చున్నాడు.

"నేనూ తప్పు టికెట్లు కొట్టాను. గుర్తుకొస్తే తరవాతి స్టాపు లోపలే ఆ మనిషిని వెతికి మార్చి ఇచ్చేవాణ్ణి. జనం నవ్వేవాళ్లనుకో. కానీ బస్సు డిపో చేరాక గుర్తొచ్చినవి కొన్నున్నాయి. అవి ఇప్పటికీ గుర్తొస్తాయి."

"నా పేరు పట్టికలో పడుతుంది."

"పడనీ. ఇరవై ఏడేళ్లుగా పడలేదు కాబట్టి, ఒక్కసారి పడితే అందరూ నమ్ముతారు." అని లేచి, "అన్నం పెడతావా, అది కూడా సవరణ ఇస్తేనేనా?" అన్నాడు.

మంగళవారం ఆవిడ అందరికంటే ముందొచ్చింది. సభ్యుల గదులకి మనిషి వెళ్లకూడదు, సరే. కాగితం వెళ్లొచ్చు. సొరుగు అడుగున గులాబి రంగు చీటీల పుస్తకం ఒకటి ఉండాలి. సందేహ పట్టీలు. రాసినవాళ్ల వాక్యం ప్రూఫు దిద్దేవాళ్లకి అర్థం కాకపోతే పంపి అడిగే చీటీలు. అడగడం ఎప్పుడో మానేశారు గాని, నిబంధన ఎవరూ కొట్టెయ్యలేదు. పుస్తకం దొరికింది. దుమ్ము దులిపి, ఒక చీటీ మీద రాసింది: "తొమ్మిదవ క్లాజులో 'లేక' అను మాట ఏ అర్థములో వాడబడినది? దయచేసి తెలుపగలరు." దాన్ని ట్రేలో టీ కప్పు కింద పెట్టి ఫ్లాస్కు అమ్మాయికిచ్చింది.

"రెండో అంతస్తులో వకీలు తాతగారికి. వేరే ఎవరి చేతికీ ఇవ్వకు."

వకీలు తాత అంటే ఆ క్లాజుని సంఘంలో పట్టుబట్టి పెట్టించిన సభ్యుడు. డెబ్భై అయిదేళ్లు. నలభై ఏళ్లు కోర్టు వరండాల్లో వాదించి, చివరికి చట్టమే మార్చాలని ఇటొచ్చాడు. పావుగంటలో ఫ్లాస్కు అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మిమ్మల్ని తీసుకురమ్మన్నారమ్మా. పిలిస్తే వెళ్లొచ్చు కదా?"

పిలిస్తే వెళ్లొచ్చు. అది నిబంధనల్లో ఉంది.

ఆయన గదిలో కుర్చీల మీద కూడా ఫైళ్లే. ఒక కుర్చీ ఖాళీ చేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. ఆవిడ కూర్చోలేదు, నిలబడే మూలప్రతి చూపించింది, తన ఆకుపచ్చ గీత మీద వేలు పెట్టి మరీ. తిడతాడనుకుంది. ఆయన ఆ గీతని భూతద్దంతో చూసి, తన నుదుటి మీద తనే చిన్నగా కొట్టుకున్నాడు.

"అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారే, అదమ్మా ఇది. పండితులకి కాదు, పామరులకి అర్థమయ్యే మాట రాద్దామని 'లేక' అన్నాను. మా అమ్మ 'నిద్ర లేక, తిండి లేక' అనేది. నా చెవిలో అదే ఉంది. మీ చెవిలో సర్క్యులర్ ఉంది. తప్పు మీ ఒక్కరిదీ కాదు."

"ఇలాగే పోతే ఏమవుతుందండీ?"

"ఏమీ కాదు. అదే బాధ. రెండు దారులు చూపిస్తే కోర్టు అలవాటైన దారినే పోతుంది. అందరినీ జామీనే అడుగుతారు. చట్టం మారుతుంది, జైలు మారదు." కాగితం, పెన్ను ముందుకి లాక్కున్నాడు. "సవరణ రాద్దాం. 'జామీను ఆవశ్యకత లేకుండగనే' అందామా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "'ఆవశ్యకత లేనప్పుడు' అని ఇంకొకరు చదువుతారు. అవసరమో కాదో మళ్లీ వాళ్లే తేలుస్తారు."

"'జామీనుతో నిమిత్తము లేక'..."

"మళ్లీ 'లేక'నా?"

ఇద్దరూ నాలుగు వాక్యాలు రాసి నాలుగూ కొట్టేశారు. ఖాళీ కప్పు కోసం ఫ్లాస్కు అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. తాత పెన్ను పెట్టి ఆమెకేసి తిరిగాడు. సందేహ పట్టీ ఇచ్చినప్పుడే ఆమె సంగతంతా అడిగి తెలుసుకున్నట్టున్నాడు.

"నువ్వు చెప్పమ్మా. నువ్వే ఆ జడ్జికి చెప్పాల్సి వస్తే ఎలా చెబుతావు?"

ఆమె బిత్తరపోయింది. సున్నమ్మ కేసి చూసింది. సున్నమ్మ ఊఁ అన్నట్టు తలూపింది.

"జామీను అడగొద్దండీ, అంటాను."

"ఆ తర్వాత?"

"తర్వాతేముందండీ. ఆయన మాట మీదే వదిలెయ్యండి, అంటాను."

తాత ఆ మాటే రాశాడు, చట్టం బట్టలు తొడిగి: "జామీను అడగరాదు. అతని సొంత పూచీ మీదనే విడుదల చేయవలెను." ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ అలవాటు కొద్దీ ఆకుపచ్చ పెన్ను తీసి పై నుంచి కిందికి చూసింది. మూత పెట్టేసింది.

"దిద్దడానికేం లేదండీ."

"ఇంకొకటుందమ్మా," అన్నాడాయన, గొంతు తగ్గించి. "మాట ఎలా మారిందో మీరు రాసివ్వాలి. దాన్ని సభలో నేను పైకి చదవాలి. ఫర్వాలేదా?"

ఆవిడ మూలప్రతికి మళ్లీ దారం కట్టింది. "ఫర్వాలేదని అనలేనండీ," అంది చివరికి. "చదవండి."

అయిదింటికి పదినిమిషాలుందనగా సవరణ, దాని వెనక ఆవిడ వాంగ్మూలం సెక్షన్ ఆఫీసరు బల్ల మీదికి చేరాయి. ఆయన వాంగ్మూలం చదివాడు. మూడే మూడు వాక్యాలు. "మూలప్రతిలో 'లేక' అని ఉన్నది. అర్థము విచారించకుండ 'లేదా' అని మార్చితిని. తప్పు నాది." ఆయన రబ్బరు ముద్ర చేతిలోకి తీసుకుని, గోడ గడియారం కేసి చూసి, ముద్ర కింద పెట్టేశాడు. అయిదింటిదాకా ఇలా కూర్చుంటే చాలు, గడువు దానంతటదే పోతుంది. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేరు కూడా.

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆవిడ సంతకం కింద రాశాడు: "పై మార్పు నేను జారీ చేసిన సర్క్యులర్‌ను అనుసరించి జరిగినది. ఆ సర్క్యులర్‌ను ఉపసంహరించుకొనుచున్నాను." సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర ఠపీమని కొట్టాడు.

"రాత్రి మా అమ్మాయికి చెప్పానండీ మీ సంగతి," అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడకుండా. "'నాన్నా, సర్క్యులర్ రాసిందెవరు?' అంది. అన్నం సయించలేదు."

గురువారం ఆవిడ సిబ్బంది గ్యాలరీలో వెనక వరసలో కూర్చుంది. ఇరవై ఏడేళ్లలో సభ జరుగుతుంటే లోపలికి రావడం అది మూడోసారి. ఫ్లాస్కు అమ్మాయిని గ్యాలరీలోకి రానివ్వరు గనక, ట్రే పట్టుకుని బయట వరండాలో, సభలో మాటలు వినిపించే పెట్టె కింద నిలబడింది.

తొమ్మిదో క్లాజు వచ్చింది. తాత లేచి సవరణ చదివాడు. వెంటనే వెనక బెంచీలోంచి ఒక సభ్యుడు లేచాడు. "అధ్యక్షా, 'లేదా' అని ఉంటే నష్టమేంటి? కోర్టు చేతులు మనం కట్టెయ్యకూడదు. ఎవరిని నమ్మాలో, ఎవరిని నమ్మకూడదో వాళ్లకి తెలుసు." కొన్ని బల్లలు చప్పుడయ్యాయి. ఆవిడ అనుకున్నదానికంటే ఎక్కువే చప్పుడయ్యాయి. మంత్రి పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు.

"అధ్యక్షా, నిజమే, నమ్మకం గురించే మాట్లాడుకుందాం," అన్నాడు తాత. "ఇల్లున్నవాణ్ణి నమ్ముతున్నాం, ఇల్లు లేనివాణ్ణి నమ్మడం లేదు. ఇద్దరి మీదా కేసు ఒక్కటే. ఒకడు సాయంత్రానికి ఇంటికి పోతున్నాడు. రెండోవాడు, కోర్టు పొమ్మన్నాక కూడా, జామీను లేక అక్కడే ఉంటున్నాడు. నేను రాసిన 'లేక' ఆ 'లేక'. అది మధ్యలో ఎలా మారిందో ఈ కాగితం చెబుతుంది." చదివాడు. మూడు వాక్యాలు, తర్వాత సెక్షన్ ఆఫీసరు వాక్యాలు రెండు. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, నేలకేసి చూస్తోంది. "దీన్ని రాసినావిడ సర్వీసులో ఇది మొదటి తప్పు. ఎవరూ పట్టుకోలేదు, తనే పట్టుకుని తనే ఒప్పుకుంది. పద్నాలుగు నెలలుగా ఒకణ్ణి నాలుగు కుళాయిల కోసం కూర్చోబెట్టిన మనం కూడా ఒక తప్పు ఒప్పుకుంటే, పరువేం పోదు అధ్యక్షా."

బల్లల చప్పుడు లేదు. మంత్రి లేవడానికి చాలాసేపు పట్టింది. కాగితాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఉన్న మాట చెబుతాను, అధ్యక్షా. అచ్చయిన ప్రతి చదివినప్పుడు సంఘం కొంచెం మెత్తబడిందేమోనని నేను కూడా సంతోషించాను." సభ నవ్వింది. ఆయన నవ్వలేదు. "సంఘం అన్నది ఒకటి, నేను సంతోషించింది ఇంకొకటి. సంఘం అన్నదానికే ప్రభుత్వం కట్టుబడుతుంది. సవరణ అంగీకరిస్తున్నాం."

సవరణకి అవునా, కాదా అని సభాధ్యక్షుడు అడిగాడు. అవునన్న గొంతులు గ్యాలరీ కటకటాల్ని తాకాయి. కాదన్నవాళ్లు మహా అయితే పదిమంది. సున్న లేకుండానే పదిమంది, అనుకుంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

మూడింటికి సభ ఆమోదించిన ప్రతి ప్రూఫు వచ్చింది, ఇంకా కాగితం వేడిగా. దాంతోపాటే తప్పొప్పుల పట్టిక ప్రూఫు కూడా. క్లాజు 9. తప్పు: "జామీను లేదా". ఒప్పు: "జామీను అడగరాదు". చివర తన పొడి అక్షరాలు. ఆవిడ ఆ పంక్తి కింద స్కేలు పెట్టి అక్షరం అక్షరం చూసింది. తన పొడి అక్షరాల మధ్య చుక్క పడలేదు. ఆకుపచ్చ సిరాతో పెట్టింది.

ఫ్లాస్కు అమ్మాయి టీ తెచ్చింది. వరండాలో అంతా విన్నదట. విన్నది నిజమో కాదో అడగడానికి భయపడుతున్నట్టు కప్పు ఆమడ దూరంలో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటోంది.

"కూర్చో," అంది ఆవిడ, పక్క కుర్చీ చూపించి.

"నేనా అమ్మా? అందులోనా?"

"ప్రూఫు ఇద్దరు చూడాలి. నేను చదువుతాను, నువ్వు విను. అర్థం కాకపోతే ఆపు."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. ఆవిడ మొదలుపెట్టింది. గరిష్ఠ శిక్ష దగ్గర ఆ అమ్మాయి ఒకసారి ఆపింది, సగకాలం దగ్గర ఒకసారి ఆపింది. ఆవిడ రెండుసార్లూ చెప్పింది, విసుక్కోకుండా. ఆవిణ్ణి ఎరిగినవాళ్లెవరైనా చూస్తే నమ్మరు.

"ఇంకో సభ ఉంది, ఆ పైన సంతకాలున్నాయి," అంది మధ్యలో, ముందే చెప్పడం మంచిదని. "నెల పట్టొచ్చు. నెలన్నర పట్టొచ్చు."

"ఇన్నాళ్లూ ఎన్ని నెలలో తెలీకుండా మోశానమ్మా. నెలన్నర అని తెలిస్తే మొయ్యలేనా? రేపు జైలుకి ములాఖాత్‌కి వెళ్లి ఆయనకి చెబుతాను. చదవండి."

"జామీను అడగరాదు, చుక్క. అతని సొంత పూచీ మీదనే విడుదల చేయవలెను, చుక్క."

ఫ్లాస్కు అమ్మాయి వేచి చూసింది. ఆవిడ ఇంకేమీ చదవలేదు.

"ఆ తర్వాత 'లేదా' అని ఏమైనా ఉందా అమ్మా?"

ఆవిడ స్కేలు కిందికి జరిపి, పేజీ చివరిదాకా చూసి, మళ్లీ వెనక్కి వచ్చి, ఆ చుక్క మీద వేలు పెట్టింది.

"లేదు," అంది. "'లేదా' లేదు."